గంగారత్నం కారు ఎందుకు వెనకాడింది

అంతోని తోలితే గుర్రం. గంగారత్నం తోలితే గేదె.

ఆ వారమంతా ఆటోనగర్‌లో ఆ సందు మొత్తం ఇదే ముచ్చట. కారు ఒకటే, ఇంజను ఒకటే, పోసిన పెట్రోలూ ఒకటే. అంతోని స్టీరింగు పట్టుకుని బెంజి సర్కిల్ దాకా వెళ్ళొస్తే అది పల్లెత్తు మాట అనదు. అదే గంగారత్నం ఎక్కి యాక్సిలరేటర్ మీద కాలు వేసిందంటే, ముందుకు దూకాల్సిన చోట ఒక్క క్షణం ఆగిపోతుంది, గడప దాటబోతూ తుమ్ము విన్న మనిషిలాగా. ఆగి, ఆలోచించుకుని, అప్పుడు కదులుతుంది. ఈలోపు వెనక లారీవాడు హారన్ కొడతాడు, పక్కన ఆటోవాడు తిడతాడు.

"బండి వెనకాడుతోంది అబ్బాయ్," అంది గంగారత్నం మొదటిసారి వచ్చినప్పుడు.

రెండోసారి వచ్చి, "నీ ఇంజను వెనకాడుతోంది," అంది.

మూడోసారి, "నువ్వు వెనకాడుతున్నావేంటి?" అంది.

మాట బండి మీద నుంచి ఇంజను మీదికి, ఇంజను మీద నుంచి మనిషి మీదికి వచ్చేసింది. ఆ వరస ఎటు పోతోందో అంతోనికి అర్థమైంది. పైగా అది అతని మొదటి ఇంజను.

మొదటిదంటే చేతులతో పట్టుకున్న మొదటిది అని కాదు. గుణదల కొండ కింద పుట్టి, మీసం రాకముందే రత్తయ్య షెడ్డులో చేరినవాడు అంతోని. అక్కడ అతను దించిన ఇంజన్లకీ ఎక్కించిన ఇంజన్లకీ లెక్కలేదు. అయితే అవన్నీ రత్తయ్యగారి ఇంజన్లు. బాగుంటే రత్తయ్య చెయ్యి మంచిదనేవాళ్ళు, బాగోకపోతే "ఆ కుర్రాడు ఏదో కెలికుంటాడు" అనేవాళ్ళు. ఈ మధ్యే రేకుల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకుని, మరియమాత పటం తగిలించి, సొంతంగా మొదలుపెట్టాడు. బ్రేకులొచ్చాయి. క్లచ్చి ప్లేట్లొచ్చాయి. కొత్త షెడ్డుకి ఇంజను మాత్రం ఎవరిస్తారు?

గంగారత్నం ఇచ్చింది. ఆమెది కైకలూరు పక్క కొల్లేటి ఊరు. చెరువుల దగ్గర చేప కొని, తెల్లారేలోపు బేరం తెంచి, మధ్యాహ్నానికి ఎక్కడ చూసినా తానే అయి కనిపించే మనిషి. ఆమె కారు నడిరోడ్డు మీద ఇంజను పట్టేసి ఆగిపోతే, తాడు కట్టి రత్తయ్య షెడ్డుకే లాక్కొచ్చింది. చేతినిండా పనులున్నాయి, కొన్నాళ్ళు ఆగమన్నాడాయన.

"చేపతో బతికేదాన్నండీ. ఆగమంటే కుళ్ళిపోతాను," అని ఆమె అక్కడి నుంచి నడుచుకుంటూ వచ్చి అంతోని షెడ్డు ముందు నిలబడింది. "నువ్వు చేస్తావా?"

"చేస్తానండీ," అన్నాడు అంతోని. నాలుక ముందు చెప్పేసింది, గుండె తర్వాత దడదడలాడింది.

రత్తయ్యకి కోపం రాలేదు. టీకొట్టు దగ్గర కనిపించి, "ఒరేయ్, దించడం ఎక్కించడం చేతుల పనిరా. ఎక్కించాక దాన్ని మాట వినేట్టు చేయడం, అదీ మెకానిక్ పని," అని మాత్రం అన్నాడు.

గుద్దుకుని మూలపడ్డ అదే రకం కారులోంచి ఇంజను దొరికింది. మంచి ఇంజను. అంతోని దాన్ని విప్పి, కడిగి, రింగులు చూసి, సీళ్ళు మార్చాడు. ఎక్కించే ముందు గంగారత్నం ఒక షరతు పెట్టింది.

"ఎక్కడి నుంచో పీక్కొచ్చిందని చూసినవాడికి తెలియకూడదు అబ్బాయ్. బానెట్ ఎత్తితే పెళ్ళికూతురిలా ఉండాలి."

ఆటోనగర్‌లో ఇది మామూలే. మార్చిన ఇంజనుకి వెండి రంగు కొడతారు. అంతోని తన మొదటి ఇంజను కదా అని మురిపెంగా రెండు పూతలు కొట్టాడు. ఎక్కించాక గంగారత్నం పెద్దింట్లమ్మ తల్లిని తలుచుకుని దానికి కుంకుమ బొట్టు పెట్టింది. అంతోని నుదుటి మీద సిలువ గుర్తు వేసుకున్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. ఒక్క తాళం తిప్పుకే ఇంజను అందుకుంది. ఆ రోజు అతనికి అన్నం సహించలేదు, సంతోషానికి.

ఆ తర్వాత మొదలైంది వెనకాడటం.

అంతోని చేయని పని లేదు. ప్లగ్గులు మార్చాడు. పెట్రోలు ఫిల్టరు మార్చాడు. గాలి వెళ్ళే గొట్టం ఎక్కడైనా చీలిందేమోనని వేలుతో తడిమాడు. పక్క కొట్టు బెన్నీ ఆటో ఎలక్ట్రీషియన్, చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. అతను తన స్కానరు తెచ్చి పెట్టాడు.

"దొంగసాక్షిలా ఉంది బావా ఇది," అన్నాడు బెన్నీ తెర చూసి. "మొన్న గాలి కొలిచే సెన్సారు తప్పంది. నిన్న వేడి కొలిచేదాని తప్పంది. ఇవాళేమో ఎవరి తప్పూ లేదంటోంది. పూటకో మాట!"

ప్రతిసారీ అంతోని బండి తీసుకుని తానే తోలి చూసేవాడు. కళ్ళు రోడ్డు మీద, ప్రాణమంతా చెవుల్లో. గుర్రం! ఒక్క తప్పు లేదు. గంగారత్నం తీసుకెళ్ళేది. సాయంత్రానికి ఫోను.

ఆ శనివారం ఆమె ఫోను చేయలేదు. మనిషే వచ్చింది. చేతిలో పెద్ద బట్టల సంచీ.

"ఇవాళ సాయంత్రం కూచిపూడిలో మా అమ్మాయి సత్యశ్రీ డాన్సు. మా ఇళ్ళల్లో ఆడపిల్ల గజ్జె కట్టడం ఇదే మొదలు. డ్రెస్సు బెజవాడలో కుట్టించా, ఇదిగో. ఈ కారులోనే పోతాను. హనుమాన్ జంక్షన్‌లో మా ఆడపడుచుని ఎక్కించుకుని గుడివాడ మీదుగా పోవాలి. జంక్షన్ దాకా నువ్వు నా పక్కన కూచో. బాగైందా, సరే. కాలేదా, బండి అక్కడే నీకు అప్పజెప్పి ఆటో ఎక్కుతాను. ఈ ఇంజను నువ్వే దించి, కారు రత్తయ్యగారి షెడ్డులో పెట్టాలి. ఇష్టమేనా?"

టీకొట్టు దగ్గర గ్లాసులు గాల్లో ఆగిపోయాయి. మొదటి ఇంజను వెనక్కి దిగిందంటే రెండోది ఈ జన్మకి రాదని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు.

"ఇష్టమేనండీ," అన్నాడు అంతోని. ఈసారి గుండె, నాలుక ఒకేసారి దడదడలాడాయి.

బెన్నీ స్కానరు చంకలో పెట్టుకుని వెనక సీట్లో దూరాడు. "బావా, డాన్సు డ్రెస్సు నా ఒళ్ళో ఉంది. నీ పరువు నీ ఒళ్ళో పెట్టుకో. గతుకులొస్తే ఎవడిది వాడే పట్టుకోవాలి."

"నవ్వండి నవ్వండి," అంది గంగారత్నం కొప్పు బిగించుకుంటూ.

ఎన్నిసార్లు కారు తోలి చూసినా, ఆమె తోలుతుండగా పక్కన కూర్చోవడం అంతోనికి ఇదే మొదటిసారి. ఇంజను చప్పుడు వినడం అలవాటైన మనిషి, ఇవాళ చప్పుడు వదిలేసి ఆమెను చూడడం మొదలుపెట్టాడు. చెప్పులు విడిచి సీటు కిందికి నెట్టింది. ఉత్త కాలితో తోలుతుందన్నమాట! తాళం తిప్పింది. ఫ్యాను ఆఖరి దాకా తిప్పింది. ఇంకేవో మీటలు ఠక్ ఠక్‌మని నొక్కింది. గేరు వేసింది. సందు చివరకొచ్చేసరికి కారు ఒకసారి గుటక మింగింది.

"అదిగో!" అంది.

"విన్నానండీ," అన్నాడు. భయపడాల్సింది పోయి లోపల ఏదో ఎగిరింది. ఇన్నాళ్ళూ దొరకని దొంగ కళ్ళ ముందే గోడ దూకినట్టుంది. దొరికితే పట్టేయొచ్చు!

రామవరప్పాడు దాటారు. నిడమానూరు దాటారు. గన్నవరం దగ్గర విమానం ఒకటి నెత్తి మీదుగా దిగింది. ముందు వరిగడ్డి ట్రాక్టరు రోడ్డంతా తానే అయి పోతోంది. గంగారత్నం దాన్ని దాటబోయింది. కాలు తొక్కింది. కారు ఆగింది, ఆలోచించింది. ఎదురుగా బస్సు.

"పెద్దింట్లమ్మ తల్లీ!" అని మళ్ళీ ట్రాక్టరు వెనక్కి తగ్గింది. "చూశావా? పొమ్మంటే ముహూర్తం చూసుకుంటోంది!"

"మెల్లగా తొక్కి చూడండక్కా."

మెల్లగా తొక్కింది. అదే వరస.

"పక్కన ఆపండి. ఒక్కసారి నేను తోలతాను."

మారారు. అంతోని ఎక్కి, అలవాటు చొప్పున ఫ్యాను తగ్గించాడు, మీటలన్నీ కట్టేశాడు, బయలుదేరాడు. కారు చేప జారినట్టు జారింది. ట్రాక్టరు వెనకబడింది. దాని ముందున్న లారీ వెనకబడింది. బెన్నీ వెనక నుంచి ఈల వేశాడు.

గంగారత్నం ముఖం మాత్రం ఎర్రబడింది. "అంటే నా కాలిదా తప్పు? కొల్లేటి గట్ల మీద తోలిన కాలు ఇది. ఒక పక్క చెరువు, ఇంకో పక్క చెరువు. నీ హైవే నాకొక లెక్కా? దిగు!"

దిగాడు. ఆమె ఎక్కింది. చెప్పులు సీటు కిందికి పోయాయి. ఫ్యాను పైకి పోయింది. మీటలు ఠక్ ఠక్. ఈసారి అంతోని ఆ ఠక్ ఠక్ ఏమిటో చూశాడు. నడినెత్తిన ఎండ. ఆమె హెడ్‌లైట్లు వేసింది.

"అక్కా, ఇప్పుడు లైట్లెందుకు?"

"చీకటితో చెరువుకి పోయేదాన్ని. లైటు వేయకుండా స్టీరింగు పడితే నాకు కళ్ళకి గంతలు కట్టినట్టుంటుంది. నీకెందుకు?"

కారు కదిలింది. గుటక మింగింది.

"లైట్లు ఆపండి."

"ఏంటీ?"

"ఆపి తొక్కండక్కా, ఒక్కసారి!"

ఆపి తొక్కింది. కారు దూకింది.

"మళ్ళీ వేయండి!"

వేసింది. వెనకాడింది.

"ఫ్యాను కూడా ఆపండి. ఇప్పుడు వేయండి. ఆపండి. వేయండి!"

"నేనేమన్నా దీపాల పండగ చేస్తున్నానా?" అంది గంగారత్నం. కానీ ఆమె గొంతులోనూ ఏదో మారింది. వేసినప్పుడల్లా గేదె, ఆపినప్పుడల్లా గుర్రం.

"లైటు వేస్తే ఇంజను వెనకాడటం ఏంట్రా?" అన్నాడు బెన్నీ, వెనక నుంచి రెండు సీట్ల మధ్యలోకి తల పెట్టి. "బ్యాటరీ నిండుగా ఉంది. నేనే చూశాను. లైటుకీ పికప్‌కీ ఏం చుట్టరికం?"

"అదంతా నాకు తెలీదు," అంది గంగారత్నం స్టీరింగు మీద అరచేత్తో కొట్టి. "నేను నాలుగు చేపలమ్ముకుని కారెక్కితే ఓర్వలేని ముండమోపి ఎవడో ఉన్నాడు. ఆడే నాకు ఎర్తు పెట్టాడు!"

అంతోని సీట్లోంచి లేచినంత పని చేశాడు. తల పైకప్పుకి తగిలింది.

"ఆపండి! బండి ఆపండక్కా!"

"ఏమైందిరా?"

"ఎర్తు!" అన్నాడు. "ఎర్తు పెట్టలేదు ఎవరూ. అసలు ఎర్తే లేదు!"

ఒకడి పని చెడగొట్టడాన్ని ఊరంతా ఎర్తు పెట్టడం అంటుంది. ఆటోనగర్‌లో మాత్రం ఎర్తు పెట్టకపోతేనే పని చెడుతుంది. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు లైటు దాకా వెళ్ళి అక్కడే ఉండిపోదు, మళ్ళీ ఇంటికి రావాలి. కారు రేకు మీదుగా వచ్చి, ఒక రాగి జడ పట్టీ దాటి, ఇంజను మీదుగా బ్యాటరీని చేరుకుంటుంది. ఆ పట్టీ పేరే ఎర్తు. అది సరిగా తగలకపోతే తిరిగొచ్చే కరెంటుకి దారుండదు. సెన్సార్ల సన్నని తీగల్లోకి దూరి వాటి మాటలు కలగాపులగం చేస్తుంది. బండి బుర్రకి ఎవరి మాట నమ్మాలో తెలియదు. అందుకే కాలు తొక్కగానే ఒక్క క్షణం వెనకాడుతుంది. లైటు, ఫ్యాను వేస్తే తిరిగి రావాల్సింది ఎక్కువ. ఆపితే తక్కువ, ఏదో అరకొర దారిలో సర్దుకుపోతుంది.

రోడ్డు పక్కన కారు ఆగీ ఆగకముందే అంతోని దూకి బానెట్ ఎత్తాడు. వెండి ఇంజను ఎండకి ధగధగలాడింది. కుంకుమ బొట్టు చెక్కుచెదరలేదు. పెళ్ళికూతురే! అతను వంగి, కిందుగా చెయ్యి పెట్టి, రాగి పట్టీ బోల్టు వేసిన చోట తడిమాడు. పట్టీ ఉంది. బోల్టు బిగువుగానే ఉంది. పట్టీ కింద మాత్రం ఇనుము లేదు. రంగు ఉంది. బోల్టు మరల్లోకి కూడా రంగు దిగింది. మురిపెంగా కొట్టిన రెండు పూతలు.

"బెన్నీ, జంపర్ కేబుల్!"

బెన్నీ డిక్కీలోంచి తెచ్చాడు. నల్ల తీగ ఒక కొసని ఇంజను మీద రంగు తగలని ఒక ఇనుప అంచుకి కరిపించాడు అంతోని. రెండో కొస ఇంకా చేతిలోనే పట్టుకుని, "అక్కా, ఉన్న లైట్లన్నీ వేయండి. ఫ్యాను వేయండి. అద్దాలు తుడిచేది కూడా వేయండి. ఉన్నచోటే తొక్కండి," అని కేక వేశాడు.

తొక్కింది. ఇంజను గుటక మింగింది.

రెండో కొసని కారు రేకుకి కరిపించాడు. "ఇప్పుడు!"

గంగారత్నం తొక్కింది. ఇంజను ఒక్క ఊపున గర్జించింది. మధ్యలో సందే లేదు. పొడి అద్దం మీద వైపర్లు కీచుకీచుమంటున్నాయి, పట్టపగలు లైట్లు వెలుగుతున్నాయి, లోపల గంగారత్నం నోరు తెరిచి నవ్వుతోంది.

"ఇంకోసారి!" అని అరిచాడు అంతోని.

గర్జన.

"ఇంకోసారక్కా!"

"ఎన్నిసార్లయినా!" అని ఆమె తొక్కుతూనే ఉంది. బెన్నీ రోడ్డు పక్కన రెండు చేతులూ ఎత్తి గెంతుతున్నాడు. అటుగా పోతున్న సైకిలాయన, ఎవరికో లాటరీ తగిలిందనుకుని దిగి చూశాడు.

ఇంజను ఆపించి, జంపర్ కేబులూ బ్యాటరీ తీగా తీసి, అంతోని స్పానరుతో బోల్టు విప్పాడు. ఇప్పుడు ఆ చోటు గీయాలి, ఇనుము మెరిసేదాకా. జేబులు తడుముకున్నాడు. గరుకు కాగితం షెడ్డులో ఉండిపోయింది. స్క్రూ డ్రైవరుతో గీకితే గీతలు పడుతున్నాయి కానీ రంగు లేవడం లేదు.

"తప్పుకో," అంది గంగారత్నం.

కొంగు నడుముకి దోపుకుని డిక్కీలోంచి ఒక కత్తి తెచ్చింది. పొట్టిగా, మొద్దు అంచుతో, చెక్క పిడితో ఉంది. పొలుసు గీసే కత్తి.

"పొలుసు తీయడం నాకు నేర్పుతావా నువ్వు?"

కత్తిని వాలుగా పెట్టి తోక నుంచి తలకి గీసినట్టు గీసింది. వెండి రంగు రేకులు రేకులుగా లేచి ఎండలో ఎగిరింది. ఆమె చేతుల మీద, అంతోని మీసం మీద, బెన్నీ చొక్కా మీద మెరుస్తూ పడింది.

"శీలావతి చేప పొలుసు కంటే ఇదే మెత్తగా వస్తోంది," అంది. నాలుగు గీతలకి కింద నిజమైన ఇనుము బయటపడింది. ఆమె చెయ్యి ఆగింది. "అవునూ, ఈ పూత కొట్టమన్నది నేనే కదా? అయితే నాకు ఎర్తు పెట్టుకున్నది నేనేనా?"

"మీరు రంగు అడిగారండీ. ఎక్కడ వేయకూడదో చూసుకోవాల్సింది నేను."

"నువ్వు రంగేసి ఎర్తు తీశావు, నేను రంగడిగి ఎర్తు పెట్టుకున్నాను," అంది. "సరిపోయాం ఇద్దరం. బిగించు, బిగించు, అక్కడ పిల్ల ముఖానికి రంగేసుకుని కూచునుంటుంది."

"ఆ రంగు మాత్రం గీకకండక్కా," అన్నాడు బెన్నీ.

అంతోని బోల్టు మరలు తుడిచి, పట్టీని ఇనుముకి ఆనించి బిగించాడు. బ్యాటరీ తీగ పెట్టాడు. బానెట్ దించాడు. గంగారత్నం సీట్లోకి ఎక్కి డ్రెస్సు సంచీని పక్కన కుదురుగా పెట్టుకుంది. చెప్పులు లోపలికి. ఫ్యాను ఆఖరి దాకా. లైట్లు ఠక్.

"కాస్త ముందుకి పోయి చూస్తాను," అంది.

కారు కదిలింది. మొదటి గేరు, రెండో గేరు. ముందు ఇసుక లారీ. ఆమె లైట్లు కొట్టింది, హారన్ కొట్టింది, తొక్కింది. రోడ్డు పక్కన నిలబడ్డ అంతోని చెవులు రిక్కించాడు. ఆ చప్పుడు ఎక్కడా తెగకుండా, మెట్టు మీద మెట్టు ఎక్కుతున్నట్టు పైకి పోయింది. లారీ వెనకబడింది. ఇంకో లారీ వెనకబడింది. తెల్లటి కారు చిన్నదై, చుక్కై, కనిపించకుండా పోయింది.

ఇద్దరూ నిలబడి చూశారు. కాసేపటికి బెన్నీ గొంతు సవరించుకున్నాడు.

"బావా, ఆవిడ వెనక్కి రాదనుకుంటా."

"రాదు," అన్నాడు అంతోని. స్పానరు ఇంకా చేతిలోనే ఉంది. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"నా స్కానరు వెనక సీట్లో ఉండిపోయిందిరా!"

"కూచిపూడి చూసొస్తుందిలే."

రోడ్డు దాటి విజయవాడ వైపు పోయే బస్సు కోసం అరగంట నిలబడ్డాక అంతోని ఫోను మోగింది. గంగారత్నం నంబరే, గొంతు మాత్రం ఆమెది కాదు.

"మెకానిక్ గారా అండీ? నేను జంక్షన్‌లో ఎక్కానండీ, ఆవిడ ఆడపడుచుని. మా వదిన తోలుతోంది. మీ ఇద్దర్నీ రోడ్డు మీదే వదిలేసి వచ్చిందని ఇప్పుడే గుర్తొచ్చిందటండీ. ఏమీ అనుకోవద్దని చెప్పమంటోంది."

"పర్లేదండీ. బండి ఎలా ఉంది?"

అవతల గంగారత్నం కేక దూరంగా వినిపించింది. "ఒక్కసారి కూడా వెనకాడలేదని చెప్పవే! మా బావగారి వ్యాను ఇంజను కూడా ఇతనే మార్చాలని చెప్పు! దానికి మాత్రం రంగొద్దని చెప్పు!"

"వదిన ఏమంటోందంటేనండీ..."

"విన్నానండీ," అన్నాడు అంతోని. బస్సు వచ్చి ఆగింది. బెన్నీ మెట్టెక్కి చెయ్యి ఊపుతున్నాడు. "మీరొక్క పని చేయండమ్మా. మీరేం మాట్లాడకండి. ఫోను అలాగే పట్టుకోండి, కాస్త ఇంజను విననివ్వండి."

కండక్టరు ఎక్కమని అరుస్తున్నాడు. అంతోని ఒక చెవి మూసుకుని, రెండో చెవికి ఫోను ఆనించుకుని, నవ్వుతూ బస్సెక్కాడు.